సూదికి ఒక ఇల్లు



ముందుగా మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో సూది ఎక్కడుంది? పక్కింటి పిల్ల పరిగెత్తుకొచ్చి, "అక్కా, బడికి టైమైంది, గుండీ ఊడిపోయింది, సూది ఇస్తావా?" అంటే మీ చెయ్యి నేరుగా ఎక్కడికి పోతుంది?

చాలా ఇళ్ళలో సూది గోడమీది క్యాలెండరుకు గుచ్చి ఉంటుంది. లేకుంటే కిటికీ తెర అంచుకు ఉంటుంది. లేకుంటే దారపు రీలుకే అడ్డంగా పొడిచి ఉంటుంది. పిన్నీసులైతే గాజులకో, తాళిగొలుసుకో వేలాడుతుంటాయి. ఇక క్రాస్ స్టిచ్ వేసేవాళ్ళ ఇళ్ళలో ఇంకో చోటుంది. కుట్టుతున్న బట్టలోనే సూది గుచ్చి, మడిచి, బీరువాలో పెట్టేస్తారు. మళ్ళీ తీరిక దొరికేది పండగ పోయాకే.

వీటిలో ప్రతిదానికీ ఒక నష్టం ఉంది. క్యాలెండరు సూది కింద పడితే కాలికి దొరుకుతుంది. రీలుకు గుచ్చిన సూది లోపలి దారపు పోగులను చీలుస్తుంది. ఆ దారం కుట్టేటప్పుడు తెగుతుంది. మనమేమో దారం మంచిది కాదనుకుంటాం. బట్టలో వదిలేసిన సూది సంగతి మరీ బాధ. తీసి చూస్తే సూది ఉన్నచోట గోధుమరంగు గీత పడి ఉంటుంది. అది తుప్పు మరక. తెల్లబట్ట మీదైతే నిమ్మరసం, ఉప్పు రుద్ది ఎండలో పెడితే కొంత పోతుంది. పక్కనే రంగుదారంతో కుట్టిన పువ్వు ఉంటే ఆ పని చేయలేం. పువ్వు రంగు కూడా పోతుంది.

అందుకని ఈరోజు నేను చెప్పేది ఒక్కటే మాట. సూదికి ఒక ఇల్లు కావాలి. ఆ ఇంటిని మన చేత్తో, మన ఇంట్లో ఉన్న గుడ్డతో కుట్టుకోవచ్చు. మళ్ళీ చెబుతున్నాను. సూదికి ఒక ఇల్లు కావాలి.

కుట్టుసూదిని ఉక్కుతో చేస్తారు. తుప్పు పట్టకుండా పైన నికెల్ పూత వేస్తారు. చేతి చెమట, గాలిలో తేమ కలిసి ఆ పూతను మెల్లమెల్లగా తినేస్తాయి. మన బి.కొత్తకోట పక్కనే హార్సిలీ హిల్స్ ఉంది. 4,000 అడుగులకు పైన ఉన్న కొండ. చలికాలం పొద్దునపూట అక్కడ మంచు ఎట్లా కమ్ముతుందో చూసినవాళ్ళకు తెలుసు. కింద ఊళ్ళలో కూడా కార్తీకంలో తుపాను ముసురు పట్టిందంటే మూడు నాలుగు రోజులు ఉతికిన గుడ్డ ఆరదు. గుడ్డ ఆరని రోజుల్లో సూది కూడా ఆరదు. ఆ రోజుల్లోనే సూదికి మంచి ఇల్లు కావాలి.

సూదిపని మన రాయలసీమకు కొత్త కాదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టని ఇల్లు ఒకప్పుడు లేదు. శెనక్కాయ మూటకు దబ్బనం, పురికొస అందరికీ తెలుసు. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గాల ఊరు. చీర మగ్గం దిగాక కొంగుకు కుచ్చులు వేసేది ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళే. సుగాలి తండాల్లో అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే పని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కోస్తాలో నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత పనితనం ఉంది. అయినా ఆ పనిముట్లను పెట్టుకునే చోటు గురించి మనం పెద్దగా పట్టించుకోలేదు. బిస్కెట్ డబ్బాలో అన్నీ కలిపి పడేస్తాం. కత్తెర, దారాలు, గుండీలు, సూదులు, చిల్లర పైసలు, అన్నీ అందులోనే. కావలసినది వెతికేలోపు కుట్టాలన్న ఆశే పోతుంది.

వేరే దేశాల్లో సూదిపని చేసేవాళ్ళు ఈ విషయంలో చాలా శ్రద్ధ పెట్టారు. సూదులకు చిన్న పుస్తకం, కత్తెర పిడికి కుచ్చు, దారాలకు అట్టలు, అన్నీ చేత్తోనే చేసుకుంటారు. వాటిని ఒకరికొకరు కానుకలుగా ఇచ్చుకుంటారు. సూదులు గుచ్చుకునే దిండుకు వాళ్ళలో ఎక్కువమంది ఎంచుకున్న ఆకారం ఏదో తెలుసా? టమోటా!

నిజమే. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలం నుంచి ఎర్రగుడ్డ టమోటా దిండు ప్రసిద్ధం. కొత్త ఇంట్లో చేరినప్పుడు పొయ్యి గట్టుమీద ఒక టమోటా పెడితే ఇంటికి మేలు జరుగుతుందని ఒక నమ్మకం ఉండేదట. టమోటా దొరకని కాలంలో ఎర్రగుడ్డతో కుట్టి పెట్టేవారట. దానికే సూదులు గుచ్చడం అలవాటైందని చెప్పుకుంటారు. ఆ కథ ఎంతవరకు నిజమైనా, ఆ దిండు మాత్రం నేటికీ ప్రపంచమంతా దుకాణాల్లో దొరుకుతుంది.

మరి టమోటా అంటే మన మదనపల్లె కాదా! తెల్లవారకముందే క్రేట్లు దించుకునే మార్కెట్టు మనది. దేశం నలుమూలలకు లారీలు పోయేది ఇక్కడి నుంచే. ఆ కాయ ఆకారం, దాని గుంట, దాని తొడిమ మన పిల్లలకు కూడా కళ్ళు మూసుకుని తెలుసు. సూదుల దిండు కుట్టాలంటే మనం ఎవరి బొమ్మనూ చూడక్కర్లేదు. అందుకే ఇవాళ టమోటానే కుడదాం. నెమ్మదిగా చెబుతాను. దగ్గర కాగితం, పెన్సిలు ఉంటే కొలతలు రాసుకోండి.

ఎర్రటి నూలుగుడ్డ ఒకటి తీసుకోండి. రవిక కుట్టగా మిగిలిన ముక్క చాలు. నేత దగ్గరగా ఉన్న గుడ్డయితే మంచిది. ముందు ఆ ముక్కను నీళ్ళలో తడిపి, తెల్లగుడ్డ మీద పెట్టి నొక్కండి. తెల్లగుడ్డకు ఎరుపు అంటితే ఆ ముక్కను పక్కన పెట్టేయండి. ఎరుపు దిగే గుడ్డ రేపు మీ కుట్టుకు కూడా అంటుతుంది.

పొడవు 10 అంగుళాలు. వెడల్పు 5 అంగుళాలు. మళ్ళీ చెబుతున్నాను. పొడవు 10, వెడల్పు 5. టేపు లేకపోతే జానెడు మీద నాలుగు వేళ్ళు పొడవు తీసుకోండి. వెడల్పు దానిలో సగం. పెద్దది కావాలన్నా, చిన్నది కావాలన్నా ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. వెడల్పు ఎప్పుడూ పొడవులో సగం.

ఇప్పుడు గుడ్డ మంచివైపు లోపలికి వచ్చేట్టు మడవండి. 5 అంగుళాల అంచులు రెండూ ఒకదాని మీద ఒకటి రావాలి. ఆ అంచును గట్టిగా కుట్టేయండి. చేతిలోకి ఒక గొట్టం వచ్చింది కదా. దీనికి రెండు నోళ్ళు ఉన్నాయి. ఒక నోటి చుట్టూ అంచుకు పావంగుళం లోపల కచ్చా కుట్టు వేయండి. రెండు పేటల దారం వాడండి. చుట్టూ వచ్చాక దారం లాగండి. నోరు మూసుకుపోతుంది. రెండు మూడు ముళ్ళు వేయండి. ఇక గుడ్డను తిరగేయండి. మంచివైపు పైకి వచ్చి చిన్న తిత్తి తయారైంది.

తిత్తిలో ఏం కూరాలి? నిజానికి ఈ పనిలో అసలు సంగతి ఇదే. దిండు అందంగా ఉండొచ్చు. కానీ సూది తుప్పు పట్టేదీ, పట్టనిదీ లోపల ఉన్నదాన్ని బట్టి ఉంటుంది.

చాలామంది తలదిండులోని దూది తీసి కూరేస్తారు. అందులోనూ బూరుగుదూది అయితే మరీ మెత్తన. సూది తలతో సహా లోపలికి జారిపోతుంది. తర్వాత దిండు పట్టుకున్న చేతికి గుచ్చుకుంటుంది. పైగా దూది తేమను పీల్చుకుంటుంది. కొందరు తవుడు పోస్తారు, కొందరు బియ్యం పోస్తారు. బరువుగా బాగానే ఉంటుంది. కానీ మన ఇళ్ళలో పురుగు పట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది? చీమలు కూడా వచ్చేస్తాయి. వడ్రంగి దగ్గర దొరికే రంపపు పొట్టు వీటికంటే మేలు. సూదిని కదలకుండా పట్టుకుంటుంది. జల్లెడ పట్టి, పేళ్ళు తీసేసి, రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టాలి. పచ్చికొయ్య పొట్టు మాత్రం వద్దు. అందులో నీరుంటుంది.

అన్నింటికంటే మంచిది ఉన్ని. గొర్రె ఉన్నిలో పుట్టుకతోనే కొంచెం జిడ్డు ఉంటుంది. గొర్రె ఒంటిమీద వాన నిలవకుండా కాపాడేది ఆ జిడ్డే. సూది లోపలికి పోయి వచ్చినప్పుడల్లా ఆ జిడ్డు సన్నగా అంటుతుంది. అది సూదికి కాపు. మన పల్లెల్లో గొర్రెల మందలకు కొదవ లేదు. కురుబలు నేసిన కంబళ్ళు మన అటకల మీద ఇంకా ఉన్నాయి. మందలు కాసేవాళ్ళను అడిగితే ఉన్ని కత్తిరించినప్పుడు ఒక పిడికెడు ఇస్తారు. దాన్ని సబ్బుతో బాగా ఉతికేయకండి. జిడ్డంతా పోతుంది. మామూలు నీళ్ళలో దుమ్ము పోయేదాకా జాడించి, ముళ్ళు, గడ్డి ఏరేసి, నీడలో ఆరబెట్టండి. ఉన్ని దొరకకపోతే చిరిగిన కంబళి చాలు. వేలిగోరంత ముక్కలుగా కత్తిరించి కూరండి.

టైలరు షాపు పీలికలు కూడా కూరుకోవచ్చు. కాకపోతే ఒక్కొక్కటీ చూసి తీసుకోండి. కుట్టు ఉన్న గట్టి అంచులు, విరిగిన గుండుసూదులు అందులో ఉంటాయి. సూది వాటికి తగిలితే మొన వంగిపోతుంది.

ఏది కూరినా గట్టిగా కూరండి. కొంచెం కొంచెంగా వేసి, పెన్సిలు వెనకవైపుతో నొక్కుతూ పోండి. ఇక పట్టదు అనిపించాక ఇంకో గుప్పెడు వేయండి. బొటనవేలితో నొక్కితే పచ్చి జామకాయను నొక్కినట్టు ఉండాలి. అంత గట్టిగా ఉంటేనే సూది నిలబడుతుంది.

ఇప్పుడు రెండో నోటి చుట్టూ కూడా కచ్చా కుట్టు వేసి, అంచును లోపలికి తోస్తూ దారం లాగండి. ముడి వేయండి. ఎర్రటి ఉండ వచ్చింది. ఇంకా టమోటా రాలేదు. టమోటాకు తొనలు కావాలి.

దీనికి బొంత కుట్టే పొడుగు సూది తీసుకోండి. పచ్చ దారం ఆరు పోగులూ కలిపి ఎక్కించండి. అడుగు నడిమధ్యలో గుచ్చి, పైన నడిమధ్యలో తీయండి. దారాన్ని ఉండ పైనుంచి పక్కగా కిందికి దించి, మళ్ళీ అడుగునుంచే గుచ్చి పైకి తీయండి. లాగండి. దారం గుడ్డలోకి నొక్కుకుని ఒక గాడి పడుతుంది. రెండో గాడి దానికి సరిగ్గా ఎదురువైపు వేయండి. కాయ రెండు సగాలైంది. తర్వాత ఒక్కో సగం మధ్యలో ఒక్కో గాడి. నాలుగు భాగాలైంది. ఆ నాలుగింటి మధ్యలో ఒక్కోటి. ఎనిమిది తొనలు. ఈ వరసలో పోతే కొలతే అక్కర్లేదు. కంటితోనే సమానంగా వస్తాయి. ఒకపక్క నుంచి మొదలుపెట్టి చుట్టూ వేసుకుంటూ పోతే మాత్రం చివరి తొన బక్కగా మిగులుతుంది.

దారం లాగేకొద్దీ పైన గుంట పడుతుంది. మన కాయకు ఉండే గుంటే. అక్కడ పచ్చగుడ్డతో తొడిమ కత్తిరించి కుట్టేయండి. ఐదు రేకులైనా సరే, ఆరు రేకులైనా సరే. చివర్లు కొంచెం పైకి లేచి ఉంటే నిజమైన కాయలా ఉంటుంది.

ఒడిలో పెట్టుకుని కుట్టేవాళ్ళకు ఒక చిన్న మాట. పొడుగు సూది దిండు అడుగునుంచి బయటికి వచ్చి తొడకు గుచ్చుకోవచ్చు. ఒక చిన్న టెంకాయ చిప్ప తీసుకోండి. పీచు గీకేసి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి. టమోటాను అందులో జిగురుతో కూర్చోబెట్టండి. చిప్పలోంచి సూది దిగదు. దిండు దొర్లిపోదు కూడా.

విదేశీ టమోటా దిండుకు పక్కన ఒక చిన్న స్ట్రాబెరీ వేలాడుతుంటుంది. అది అలంకారం కోసం అనుకుంటారు. దాని లోపల ఎమరీ పొడి ఉంటుంది. ఉప్పుకాగితానికి అంటించే గరుకుపొడి లాంటిదే అది. మొద్దుబారిన సూదిని నాలుగైదుసార్లు అందులో గుచ్చి తీస్తే మొన పదునెక్కుతుంది. సన్నటి తుప్పు కూడా పోతుంది. మనకు స్ట్రాబెరీ ఎందుకు? మిరపకాయ కుట్టుకుందాం. ఎర్రగుడ్డ రెండు పొరలు తీసుకుని పొట్లంలా చుట్టి కుట్టండి. హార్డ్‌వేర్ షాపులో ఎమరీ పొడి అడిగి, రెండు చెంచాలు పోసి, మూతి బిగించండి. పచ్చ తొడిమ పెట్టి, దారంతో టమోటాకు కట్టేయండి. గుడ్డ ఒక్క పొరే అయితే పొడి రాలుతుంది. రెండు పొరలు మరవకండి. ఇంకో సంగతి. ఊరికే అస్తమానం అందులో గుచ్చకండి. ఎక్కువ రుద్దితే నికెల్ పూత కూడా పోతుంది.

ఇంతవరకు చెప్పింది మొన ఉన్న సూదుల గురించి. క్రాస్ స్టిచ్ సూది వేరు. దానికి మొన మొద్దుగా ఉంటుంది. కన్ను పెద్దగా ఉంటుంది. బట్టలో ముందే ఉన్న రంధ్రాల్లోంచి పోవాలి కనుక పదును అక్కర్లేదు. పదునుంటే పోగులను చీల్చేస్తుంది. అంగుళానికి 14 గళ్ళు ఉన్న బట్టకు 24 నెంబరు సూది. 18 గళ్ళు ఉంటే 26 నెంబరు. నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఇది గుర్తుంచుకోండి. నెంబరు పెద్దదైతే సూది సన్నది.

ఈ మొద్దు సూది టమోటాలోకి సులువుగా దిగదు. దగ్గర నేత గుడ్డ కదా, బలం పెట్టాలి. అందుకే దీనికి వేరే ఇల్లు. సూదుల పుస్తకం. దీనికి కూడా కంబళే మంచిది. కంబళి నేత వదులుగా ఉంటుంది. మొద్దు మొన కూడా పోగుల మధ్యలోంచి దూరుతుంది. ఉన్ని దాన్ని పట్టుకుంటుంది.

పైఅట్ట కోసం క్రాస్ స్టిచ్ వేసే మ్యాటీ బట్టే తీసుకోండి. 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు. లోపల ఒక మెత్తటి నూలుగుడ్డ అస్తరు వేయండి. కంబళి ముక్కలు రెండు, అట్టకంటే అర అంగుళం తక్కువగా కత్తిరించండి. అంటే పొడవు ఐదున్నర, వెడల్పు మూడున్నర. కంబళి అంచు పోగులు ఊడిపోతుంది కాబట్టి చుట్టూ కాజా కుట్టు వేయండి. రెండు ముక్కలనూ అట్ట మధ్యలో పెట్టి, నడుమ నిలువుగా కుట్టి, మడవండి. పుస్తకం తయారైంది. ఒక పుటకు 24 అని, ఇంకో పుటకు 26 అని దారంతో కుట్టుకోండి. చూపు ఆనని వయసులో సూది నెంబరు వెతుక్కునే బాధ తప్పుతుంది.

అట్ట మీద ఏం కుట్టాలి? నమూనాల పుస్తకాల్లో దొరికేవి ఎక్కువగా గులాబీలు, కుక్కపిల్లలు, ఇంగ్లీషు అక్షరాలు. నాకైతే మన వాకిట్లో ఉన్నదే కుట్టాలనిపిస్తుంది. చుక్కల ముగ్గు కంటే మంచి క్రాస్ స్టిచ్ నమూనా ఎక్కడుంది? చుక్కలు లెక్కపెట్టి గీత కలపడం మనకు చిన్నప్పటి నుంచి వచ్చు. క్రాస్ స్టిచ్ కూడా అదే లెక్క. గళ్ళు లెక్కపెట్టి దారం కలపడమే.

ఐదు చుక్కలు, ఐదు వరసల ముగ్గు అనుకోండి. మెలికల ముగ్గు వద్దు. వంపులు గళ్ళలో సరిగ్గా కూర్చోవు. తిన్నని గీతలతో చుక్కలు కలిపే ముగ్గు తీసుకోండి. పిల్లల లెక్కల పుస్తకంలోని గ్రాఫ్ కాగితం మీద చుక్కకు ఒక గడి నింపండి. నాలుగు గళ్ళు జరిగి మళ్ళీ చుక్క వేయండి. ఐదు చుక్కలు వేసేసరికి మొదటి నుంచి చివరికి 17 గళ్ళు వస్తాయి. 14 గళ్ళ బట్ట మీద అది అంగుళం పావు కంటే కొంచెం తక్కువ. మన పుస్తకం అట్ట 3 అంగుళాలు కదా. నడిమధ్యలో చక్కగా సరిపోతుంది. చుక్కలకు ఇంటూ గుర్తు కుట్టండి. గీతలకు వెనక్కి వేసే కుట్టు చాలు. రెండు పోగుల దారంతో కుట్టండి.

తెలుగు అక్షరం కుట్టాలంటే కొంచెం ఓపిక కావాలి. మన అక్షరాలన్నీ గుండ్రన. పది గళ్ళ ఎత్తులో 'అ' రాస్తే మూలలు తేలి, ఏ అక్షరమో తెలియదు. ఎత్తు 20 గళ్ళ దాకా తీసుకుని, వంపు దగ్గర మెట్లు మెట్లుగా ఒక్కో గడి జరుపుతూ గ్రాఫ్ మీద ముందు గీసుకోండి. తలకట్టు, కొమ్ము విడిగా కనబడాలి. గీసిన కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి. అక్షరం అప్పుడు కంటికి ఆనితే బట్ట మీద కూడా ఆనుతుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో అక్షరం గీసి పెట్టుకున్నా, ఊరంతా కలిస్తే మన అక్షరమాల మొత్తం వచ్చేస్తుంది. ఆ పని ఎవరైనా చేస్తే ఎంత బాగుంటుందో!

మిగిలిన పనిముట్ల సంగతి త్వరగా చెబుతాను.

దారాలకు పాత పెళ్ళిపత్రికలు చాలు. దళసరి పత్రికను నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఒక అంచు పొడవునా కాగితాలకు బెజ్జం వేసే మిషనుతో రంధ్రాలు వేయండి. ఒక్కో రంధ్రానికి ఒక్కో రంగు. పక్కన రంగు నెంబరు రాయండి. నెంబరు తప్పకుండా రాయండి. పువ్వు సగంలో దారం అయిపోతే దుకాణంలో అడగాల్సింది ఆ నెంబరే. యాంకర్ కంపెనీ దారం ఒక చుట్ట 8 మీటర్లుంటుంది. మూరెడు ముక్కలు కత్తిరిస్తే 17 ముక్కలు వస్తాయి. మూరకంటే పొడుగు దారం కుట్టేటప్పుడు చిక్కు పడుతుంది, నూగు లేస్తుంది. ముక్కలను మధ్యకు మడిచి, మడతను రంధ్రంలో దూర్చి, కొసలను ఆ మడతలోంచి లాగితే చాలు. ఒక్కో ముక్కను చిక్కు లేకుండా తీసుకోవచ్చు.

కత్తెరకు కుచ్చు వేయండి. చీర కొంగుకు వేసే కుచ్చే. నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గర తెగి మిగిలిన పట్టుపోగులు దొరికితే ఇంకా అందం. ఎర్రటి కుచ్చు ఉంటే కత్తెర బట్టల మడతల్లో పోయినా కనబడుతుంది. కత్తెర మొనకు ఒక టోపీ కూడా కావాలి. మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ళున్నాయి. దారం తీయడానికి పనికిరాని గూడు ఒకటి అడగండి. ఒక కొస కత్తిరించి మొనకు తొడగండి. పట్టుగూడు తేలిక, గట్టి కూడా.

అన్నీ వేసుకోవడానికి సంచి కావాలంటే మన అవ్వల వక్కాకు సంచిని చూడండి. వక్కకు ఒక అర, ఆకుకు ఒక అర, సున్నం డబ్బాకు ఒకటి, చిల్లరకు ఒకటి. తాడు లాగితే అన్నీ ఒకేసారి మూసుకుంటాయి. ఇంత తెలివైన సంచిని పక్కన పెట్టి ప్లాస్టిక్ డబ్బా కొనడం నాకు నచ్చదు. ఇంట్లో పాతది ఉంటే కుట్టు విప్పకుండానే కొలతలు తీసుకోండి. అరలు కాస్త పెద్దవి చేయండి. వక్క అరలో టమోటా, ఆకు అరలో సూదుల పుస్తకం, సున్నం అరలో కత్తెర. సరిగ్గా కుదురుతుంది.

కుట్టేటప్పుడు మధ్యలో సూది పెట్టడానికి కొందరు అయస్కాంతాలు వాడుతున్నారు. బట్టకు పైన ఒకటి, కింద ఒకటి. సూది దానికి అంటుకుని నిలుస్తుంది. మంచి ఉపాయమే. కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. గుండీలంత ఉండే ఆ అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలున్నచోట టమోటా చాలు.

చివరిగా అమ్మకం గురించి రెండు మాటలు. ఇవి కుట్టి మహిళా సంఘంలోనో, బడిలో ప్రదర్శన పెట్టినప్పుడో అమ్ముకుందామనుకునే అక్కచెల్లెళ్ళుంటారు. హార్సిలీ కొండకు వచ్చే పర్యాటకులు కూడా ఇలాంటి చిన్న వస్తువు చూస్తే ఆగుతారు. ధర చెప్పేటప్పుడు "పాతగుడ్డే కదా" అనుకుని పది రూపాయలకు ఇచ్చేయకండి. దాన్ని కుట్టడానికి మీకు గంటన్నర పట్టిందనుకోండి. ఆ గంటన్నర తోటలో కూలికి పోతే ఎంత వస్తుంది? ముందు ఆ లెక్క వేయండి. దానిమీద దారం, ఉన్ని, ఎమరీ పొడి ఖర్చు కలపండి. అది మీ ధర. కుచ్చులు వేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఒక చీరకు ఎంత సేపు కూర్చోవాలో వాళ్ళను అడిగితే చెబుతారు.

టమోటా ఎవరి చేతికైనా ఇచ్చేముందు ఇంకొక్క పని ఉంది. కుట్టడం మొదలుపెట్టినప్పుడు ఎన్ని సూదులు బయటికి తీశారో, ముగిసినప్పుడు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఒక్కటి తక్కువైనా దిండును విప్పి చూడాల్సిందే. గట్టిగా కూరిన దాన్ని విప్పడానికి మనసు రాదు. అయినా విప్పండి. కొనుక్కున్న వాళ్ళ ఇంట్లో చిన్నపిల్ల దాన్ని బొమ్మ అనుకుని రెండు చేతులా పట్టుకుంటుంది.